పక్కకు జారే కారుకు పంక్తిలో చోటు లేదు

మలుపుల్లో కారును కావాలని పక్కకు జారనిస్తూ నడిపే డ్రిఫ్టింగ్ మోటారు క్రీడ కాదని నెల్లూరు కారు ప్రియుల్లో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. మాగుంట లేఅవుట్ టీ కొట్ల దగ్గర వెలువడిన ఈ తీర్పుకు అప్పీలు లేదు. కారు పుట్టింది ముందుకు పోవడానికి. ఎవరు ముందొచ్చారో గడియారం చెప్పాలి గాని, ఎవరు సొగసుగా వచ్చారో నలుగురు కూర్చుని తేలిస్తే దాన్ని ఆట అనరు, పెళ్లిచూపులు అంటారు.

ఈ వ్యాసకర్త ఆ తీర్పును శిరసావహిస్తున్నాడు. అయితే అది పదికాలాలు నిలవాలంటే దారిలో ఉన్న అవాంతరాలను ముందే తొలగించుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

శాస్త్రం పెద్దల పక్షానే ఉంది. టైరు కొద్దిగా జారుతున్నప్పుడే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. ఆ హద్దు దాటి జారితే పట్టు సడలుతుంది, రబ్బరు కాలుతుంది, కారు నెమ్మదిస్తుంది. తారు రోడ్డు మీద డ్రిఫ్ట్ చేస్తూ మలుపు తిరిగినవాడు బుద్ధిగా తిరిగినవాడికంటే వెనకబడతాడు. కనుక ఆ తెల్లటి పొగంతా వృథా అయిన కాలమే. ఈ లెక్కను విడమరిచి చెప్పే పెద్దమనిషి గంటన్నరగా ఒకే టీ గ్లాసు పట్టుకుని ఉంటాడు. కాలం విలువ అలాంటివారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

పైగా డ్రిఫ్టింగ్ పోటీలో రెండు కార్లు జంటగా బయలుదేరతాయి. ముందుది దారి చూపాలి, వెనకది దాన్ని నీడలా అంటిపెట్టుకోవాలి. పట్టిన దారి, అడ్డం తిరిగిన కోణం, శైలి చూసి న్యాయనిర్ణేతలు విజేతను ప్రకటిస్తారు. దాటిపోయే దమ్ముండి కూడా వెనకే నడవడమా! మినీ బైపాస్‌లో బండి నేర్చుకున్నవాడికి ఇంతకంటే అవమానం ఉందా?

కొలత మీద మనకున్న భక్తి ఈనాటిది కాదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలే చూడండి. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. మూపురం ఎంత ఠీవిగా ఊగిందన్నదానికి మార్కులు లేవు. పెద్దల నిర్వచనం ప్రకారం ప్రకాశం జిల్లాలో జరిగే అత్యంత స్వచ్ఛమైన మోటారు క్రీడ అదే. మోటారు లేకపోవడం చిన్న లోపం.

ఇక అవాంతరాలు. అన్నిటికంటే చికాకు పెట్టేది చరిత్ర. 1970లలో జపాన్ ట్రాకుల మీద కారును అడ్డంగా నడిపి జనాన్ని లేచి నిలబడేలా చేసిన కునిమిత్సు తకహాషి గడియారం ఎరగనివాడు కాదు. 1961లోనే మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి గెలిచాడు, ఆ ఘనత సాధించిన తొలి జపానీయుడు. ఆయనను చూసి, ఆ విద్యకు కొండదారుల్లో సానపట్టి, డ్రిఫ్ట్ కింగ్ అనిపించుకున్న కెయిచి సుచియా మరీ ప్రమాదకరమైన మనిషి. 1995లో ఈ ఇద్దరూ మరో డ్రైవరుతో కలిసి ఒకే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసుకు దిగి, తమ తరగతిలో మొదటి స్థానం కొట్టుకొచ్చారు. పగలూ రాత్రీ గడియారంతోనే పని ఉన్న రేసు అది. ఈ సంగతి కుర్రవాళ్ల చెవిన పడకుండా చూడాలి.

ర్యాలీ కారు మట్టి రోడ్డు మీద మలుపు మలుపుకూ అడ్డం తిరుగుతుంది, దానికి పెద్దలు చేతులెత్తి మొక్కుతారు. మట్టి మీద జారితే నైపుణ్యం, తారు మీద జారితే తెంపరితనం. ఈ సూక్ష్మం అందరికీ అందదు. 2013 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకున్న ఫార్ములా వన్ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్, కారును నేరుగా తనిఖీ స్థలానికి తీసుకుపోకుండా ట్రాకు మీదే గిరగిరా తిప్పి పొగ లేపాడు. నిర్వాహకులు అతన్ని మందలించి, జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. మన పెద్దలు మాత్రం ఆ వీడియోను ఫోనులో భద్రంగా దాచుకుని, తడికళ్లతో చూసుకుంటూ ఉంటారు. అది డ్రిఫ్టింగ్ కాదట, ఆనందమట. 2017లో ప్రపంచ మోటారు క్రీడల పెద్ద సంస్థ ఎఫ్‌ఐఏ సైతం టోక్యోలో డ్రిఫ్టింగ్ కప్ పెట్టింది కదా అంటే, పారిస్‌లో కూర్చున్నవారికి ఏం తెలుసని కొట్టిపారేశారు.

అలాగని కుర్రకారును వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. డ్రిఫ్టింగ్‌కు వెనక చక్రాలకు శక్తి అందే కారు కావాలి. మనవాడి చేతిలో ఉన్నది నాన్నగారి స్విఫ్ట్, దాన్ని లాగేవి ముందు చక్రాలు. రోడ్లు వేసి ఇళ్లు మరిచిపోయిన ఏదో ఒక లేఅవుట్‌కు వెళ్లి హ్యాండ్ బ్రేకు గుంజితే, వెనక చక్రాలు బిగుసుకుని కారు ఒక్కసారి గిర్రున తిరిగి ఆగిపోతుంది. దానికి పాట జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. వెనక చక్రాలతో నడిచే బండి ఆ ఇంట్లో లేకపోలేదు. పాల క్యాన్లు వేసే పాత ఓమ్ని ఉంది. అందులో కనబడితే పరువు పోతుంది. జపాన్ కుర్రవాళ్లు నెత్తిన పెట్టుకున్న టయోటా ఏఈ86 కూడా ఆ రోజుల్లో సామాన్యుల బండేనని చెబితే నమ్మడు.

ఇంతకీ ఇరుపక్షాల శాస్త్రమూ కలిసే చోటు కోవూరు పొలాల్లో ఉంది. ట్రాక్టరుకు కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేరువేరు బ్రేకులు ఉంటాయి. దమ్ము చేస్తున్న డ్రైవరు గట్టు మూలకు రాగానే ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కి, బండి మొత్తాన్ని బురదలో ఆ చక్రం చుట్టూ తిప్పేస్తాడు. గట్టు చెక్కు చెదరదు. దారి, కోణం, శైలి మూడూ చూసుకోవచ్చు. బాడుగ గంటల లెక్కన కాబట్టి గడియారమూ ఉంది, దాన్ని పట్టుకుని రైతు గట్టు మీదే నిలబడి ఉంటాడు. ఇంతటి క్రీడాకారుడు అదే ట్రాక్టరుతో రోడ్డెక్కితే, ఇరుపక్షాలూ విభేదాలు మరిచి ఒక్కటై హారన్ కొడతాయి.

పెద్దల ఆఖరి అస్త్రం భద్రత. రోడ్డు మీద డ్రిఫ్టింగ్ ప్రాణాల మీదికి తెస్తుందంటారు, అందులో సందేహం లేదు. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ అనుమతి లేకుండా బహిరంగ స్థలాల్లో పందేలనూ వేగ పరీక్షలనూ నిషేధించింది. అంటే గడియారం పట్టుకున్నవారినే పేరు పెట్టి పిలిచింది. ఈ మాట అంటే పెద్దలు నొచ్చుకుంటారు. ఎందుకంటే వారి రికార్డులేవీ చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న రేస్ ట్రాకు మీద పెట్టినవి కావు. వెంకటాచలం టోల్ గేటుకూ సూళ్లూరుపేట టోల్ గేటుకూ మధ్య, గేదెలు దాటే జాతీయ రహదారి మీద పెట్టినవి. అది పందెం కాదు, పని మీద వెళ్తున్నామని వారి వివరణ. అంత తొందరగా చెన్నై చేరి ఏం పని చూసుకున్నారని అడిగాను. టిఫిన్ తిని వెనక్కి వచ్చేశారట. తిరుగు ప్రయాణంలో ఇంకో నాలుగు నిమిషాలు కలిసొచ్చాయట.