మహారాజశ్రీ 0.4 ఓముల కాయిల్ గారి దివ్యసముఖమునకు

బర్మింగ్‌హామ్ నుండి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. పత్తి మాత్రం నిన్న రాత్రి మాడిపోయింది.

సిగరెట్టు మానడం కోసమే, ఇ-సిగరెట్‌లో నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్టయిన తమను ఇంటికి తెచ్చుకున్నానన్న సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. సిగరెట్టుకు అగ్గిపుల్ల గీయడం తప్ప వేరే విద్య అక్కరలేదు. తమ సేవకు భౌతికశాస్త్రం కావాలి. ఇంటర్మీడియట్‌లో మాస్టారు రెండేళ్లు చెప్పినా నా బుర్రకెక్కని ఓమ్ సూత్రాన్ని తమరు ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ఎక్కించారు: నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ 4.2 వోల్టులు, దాని వర్గం 17.64, దాన్ని తమ నిరోధమైన 0.4 ఓములతో భాగిస్తే 44.1 వాట్లు, కరెంటు పదిన్నర ఆంపియర్లు. అదే తమరు 0.1కు దిగితే 42 ఆంపియర్లు అడుగుతారు. ఇరవై, పాతిక ఆంపియర్లకే ఆయాసపడే 18650 రకం లిథియం సెల్‌ను అంత అడిగి, దాన్ని మొహానికి జానెడు దూరంలో పెట్టుకునేంతటి వీరుణ్ణి కానని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తమ జన్మవృత్తాంతం కూడా సామాన్యమైనది కాదు. 26 గేజ్ మందం గల, కాంథాల్ అనే నిరోధక తీగను మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే 0.8 ఓములకు కాస్త అటూ ఇటూగా ఒక కాయిల్ వస్తుంది. అలాంటివి రెండు పక్కపక్కన సమాంతరంగా బిగిస్తే నిరోధం సగమై తమరు అవతరిస్తారు. మర ఒక్క పిసరు వదులైతే ఓమ్ మీటరు తెరమీద 0.4 కాస్తా 0.46 అవుతుంది, బిగిస్తే 0.39కి దిగుతుంది, పెళ్ళిమాటల్లో కట్నం అంకె కూడా ఇంత త్వరగా మారగా చూడలేదు. ఆపైన తమరు నడిమధ్య నుండి అంచులకు సమంగా ఎర్రబడాలి. ఏ మూలైనా ముందుగా భగ్గుమంటే సిరామిక్ పట్టకారుతో తమ వీపు నిమురుతూ, అలక తీరేదాకా కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళ అలక తీర్చడానికి నేను ఇందులో పదో వంతు ఓపిక చూపి ఉంటే ఈ ఉత్తరం బహుశా మరొకరి పేరున ఉండేది.

ఇక వత్తి, అంటే ద్రవాన్ని పీల్చి తమకందించే పత్తి. కార్తీకమాసంలో అమ్మ పక్కన కూర్చుని దీపపు వత్తులు చేసిన చేతులివి, కనుక ఈ పని నాకు సులువని భ్రమపడ్డాను. దీపానికి వత్తి లావైతే మంట పెద్దదవుతుంది, అంతే. తమకు పత్తి గట్టిగా దూర్చితే ద్రవం అందక గొంతులోకి మాడు పొగ వస్తుంది. వదులుగా దూర్చితే గుళగుళమంటూ వేడి తుంపర నాలుక మీద పడుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న సన్నని దారిని నేను ఇప్పటికి రెండుసార్లు చూశాను, మూడోసారి ఎలా వెళ్ళాలో గుర్తులేదు.

వాట్ల విషయం మరీ విచిత్రం, బటన్ నొక్కితే పరికరం సెల్ వోల్టేజిని పెంచి ఆ 44ను కూడా దాటిస్తుంది. నలభై దగ్గర ఆవిరి చప్పగా ఉంటుంది, యాభై అయిదు దగ్గర మామిడిపండు రుచి తగులుతుంది, అరవై దగ్గర ఇంకా బాగుంటుందేమోనన్న ఆశ పుడుతుంది, అరవై అయిదు దగ్గర పత్తి మాడుతుంది. సరైన అంకె ఎప్పుడూ నేనున్న చోటికి ఐదు వాట్ల అవతలే కాపురముంటుంది. ద్రవం సీసా మారిస్తే అక్కడి నుండి కూడా మకాం మారుస్తుంది.

ఈ పరిశోధనలో నేను సాధించిన ఘనత ఒకటుంది. మొదట్లో పాడ్ అనే చిన్న ఇ-సిగరెట్‌లో మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం రోజుకు రెండు మిల్లీలీటర్లు కాల్చేవాణ్ణి. తమ కృపవల్ల 3 మిల్లీగ్రాములకు దిగానని స్నేహితులందరికీ చాటుకున్నాను. మొన్న సీసాలు లెక్కబెడితే తేలింది: తమరు రోజుకు ఎనిమిది మిల్లీలీటర్లు తాగుతున్నారు. పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. తీగ, పట్టకారు, ఓమ్ మీటరు, ఏడాది పాటు ఆదివారాలు, అన్నీ పోసి కొన్నది ఈ ఎక్కాన్నే.

మన దేశంలో 2019 నుండి ఇ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నిషేధం గనుక సెలవులకు వెళ్ళినప్పుడు తమరిని ఇక్కడే సొరుగులో పెట్టి పోతాను. అక్కడ నికోటిన్ చూయింగ్ గమ్‌తో మూడు వారాలు గడిచిపోతాయి. దాని అట్ట మీద 2 మిల్లీగ్రాములని ఉంటుంది, పెంచడానికి గాని తగ్గించడానికి గాని బటన్ ఉండదు. అంత నిస్సారమైన వస్తువును నేను జీవితంలో నమలలేదు.

చివరగా ఒక విన్నపం. మా నాన్న ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు రైతు. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు పసుపెక్కడానికి నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఈనె ఎండేసరికి నూట అరవై దాకా పెంచుకుంటూ, ఐదారు రాత్రులు థర్మామీటర్ చూస్తూ పొయ్యిలో కట్టెలు ఎగదోసేవాడు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో తమరిని వెలిగించి పరీక్షిస్తూ ఆయన కంట పడ్డాను. అదేమిటని అడగలేదు. ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఎడమ పక్క సెగ ఎక్కువైంది, చూసుకో నాయనా" అన్నాడు.

నిజమే, ఎడమ పక్కే. ఆ పక్క మర ఒకసారి సడలనిచ్చి సహకరించవలసిందిగా ప్రార్థిస్తూ,

ఇట్లు,
తమ విధేయుడు