ఐపీఎల్ వేలం ప్యాడిల్ గారికి చిత్తూరు మండీ నుంచి ఉత్తరం

మహారాజశ్రీ వేలం ప్యాడిల్ గారి దివ్యసముఖానికి,

చిత్తూరు మామిడి మండీ వాళ్ళం నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ తోతాపురి తప్ప అందరం క్షేమం. 2025లో కిలోకి 12 రూపాయలని సర్కారు ధర కట్టింది. అందులో గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, మిగతా 4 సర్కారు పూడ్చాల్సింది. అంతకుముందే తమరు 27 కోట్లకు లేపిన క్రికెటర్ రిషభ్ పంత్ ఆ ఏడాదే బ్యాటు పట్టుకుని తిరిగాడు. ఆటగాళ్ళను కొనడానికి ఐపీఎల్ జట్ల వాళ్ళు పైకెత్తే పలక తమరు, వేలం పాట మాకూ తాతల నాటి పనే కాబట్టి, ఒకే వృత్తి వాళ్ళుగా నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ ఉత్తరం.

మా కాడ పాట మొదలయ్యే ముందు కాయ కోసి చూస్తారు. టెంక గట్టిపడిందా, కండ పసుపు తిరిగిందా అని. నమ్మకం లేకపోతే నీళ్ళ బకెట్‌లో వేస్తారు, ముదురుది మునుగుతుంది, లేతది తేలుతుంది. ఫ్యాక్టరీ వాడైతే రసం చుక్క తీసి బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో చూస్తాడు. అంతెందుకు, తిరుపతిలో తలనీలాలను కూడా పొడవును బట్టి రకాలు కట్టి, తెల్లవి వేరు చేసి గానీ ఈ-వేలానికి పెట్టరు. తమరి సభలో కూడా లెక్కలు కట్టేవాళ్ళు, ల్యాప్‌టాప్‌లు దండిగానే ఉంటాయి, కాదనము. కానీ పాట 10 కోట్లు దాటాక ఆ ల్యాప్‌టాప్ వైపు చూసేవాడు ఉండడు. పక్క బల్ల వాడి సంచిలో ఇంకెంత మిగిలిందని చూస్తారు.

2024 నవంబరులో సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన వేలం సంగతే తీసుకోండి. జట్టుకు 120 కోట్లు, అందులో ముందే అట్టిపెట్టుకున్న ఆటగాళ్ళ ఖర్చు పోగా పంజాబ్ 110.5 కోట్లతో వచ్చింది, కోల్‌కతా 51తో. మండీలో వ్యాపారికి డబ్బు మిగిలితే ఇంటికి తీసుకుపోతాడు. అక్కడ మిగిలిన కోటికి పాయింట్ల పట్టికలో అర పాయింటు కూడా రాదు. ఖర్చు పెట్టకపోతే పనికిరాని డబ్బు చేతిలో ఉన్నవాడితో పాట పాడితే ధర ఎక్కడ ఆగుతుంది? దానికి తోడు భారతీయ కీపరు, కెప్టెన్సీ చేయగలవాడు, ఎడమచేతి వాటం, ఇవన్నీ ఒకే మనిషిలో కావాలంటే దేశం మొత్తం మీద ఎందరున్నారు? మార్చిలో వచ్చే తొలి కాయకు పలికే ధర అది, రుచికి కాదు.

రిషభ్ పంత్ పాట 20.75 కోట్ల దగ్గర లక్నో చేతిలో ఆగింది. ఢిల్లీ వాళ్ళు ఆర్‌టీఎం కార్డు తీశారు, అదే ధరకు మా పాత ఆటగాడిని మేమే తీసుకుంటామని. నిబంధన ప్రకారం లక్నోకి ఇంకొక్క మాట చెప్పే హక్కు ఉంది. ఆ ఒక్క మాట 27. అంటే పైనపడిన 6.25 కోట్లు ఢిల్లీని బెదరగొట్టడానికి పెట్టిన ఖర్చు. ఆ 6.25 కోట్లకు పరుగులు ఎవరు తీయాలి సామీ? 2025 సీజన్‌లో ఆయన 269 పరుగులు చేశాడు, అందులో 118 ఆఖరి మ్యాచ్‌లోనే. తిరుపతి టీ అంగళ్ళలో అప్పటికే భాగహారం అయిపోయింది, పరుగుకు 10 లక్షలని.

వెంకటేశ్ అయ్యర్ కథ ఇంకా బాగుంటుంది. కోల్‌కతా వాళ్ళు సొంత తోటలోని కాయను వదిలేసి, మళ్ళీ మండీకి వచ్చి బెంగళూరుతో పోటీపడి 23.75 కోట్లకు పాడుకున్నారు. చేతిలో ఉన్న 51 కోట్లలో దాదాపు సగం. ఆయనకు దొరికిన ఇన్నింగ్స్ 7, చేసిన పరుగులు 142. మధ్య వరుసలో వచ్చేవాడికి 20 ఓవర్ల ఆటలో ఎన్ని బంతులు మిగులుతాయి? ఒక్కోసారి 10, బాగుంటే 25. మొదటి రెండు మూడు బంతులు పిచ్చి పట్టినట్టు కొట్టాలి, లేకపోతే పరుగుల రేటు పడిపోతుంది, కొడితే అవుట్. మెడలో 23.75 అని రాసిన పలక వేలాడుతుంటే ఆ మూడు బంతులూ ఇంకా బరువెక్కుతాయి.

అయితే తమరి పాట ఎప్పుడూ తప్పే అని మేమనము. అదే జెడ్డాలో 26.75 కోట్లకు పంజాబ్ పాడుకున్న శ్రేయస్ అయ్యర్ 604 పరుగులు చేసి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్ళాడు. 2024లో 24.75 కోట్ల ఆస్ట్రేలియా బౌలర్ స్టార్క్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో 100 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. అందరూ నవ్వారు. ఫైనల్‌లో 14 పరుగులకు 2 వికెట్లు. నవ్వినవాళ్ళే పొగిడారు. ఇక ఆస్ట్రేలియా బ్యాటర్ మ్యాక్స్‌వెల్, 2020లో 10.75 కోట్లకు ఒక్క సిక్సర్ కూడా లేకుండా 108 పరుగులు. మరుసటి ఏడాది తమరు ఆయన్ని 14.25 కోట్లకు లేపారు! మా మండీలో కుళ్ళిన లోడు ఇచ్చిన రైతుకు మరుసటి ఏడాది ఎక్కువ ధర ఇస్తే, ఆ వ్యాపారిని నేరుగా తిరుమల కొండకు పంపుతాం, గుండు కొట్టించుకోవడానికి. అక్కడేమో ఆయన 513 పరుగులు చేసి కూర్చున్నాడు. చేసేదేముంది, తమరి కళ్ళకు ఏం కనబడిందో మాకు తెలియదు.

ఇంగ్లండ్ ఆటగాడు స్టోక్స్ గారికి 16.25 కోట్లు, 2 మ్యాచ్‌లు, 15 పరుగులు. దీని మీద భాగహారం చేయొద్దని మనవి, పేపరు చాలదు.

చివరిగా 2025 డిసెంబరు, అబుదాబిలో జరిగిన మినీ వేలం. అక్కడే వెంకటేశ్ అయ్యర్ 7 కోట్లకు బెంగళూరుకు వెళ్ళాడు. ఏడాదిలో మనిషి మారలేదు, పక్క బల్ల సంచులు మారాయి. కామెరాన్ గ్రీన్‌ను కోల్‌కతాకు 25.20 కోట్లకు పాడించారు. కానీ మినీ వేలంలో విదేశీ ఆటగాడి చేతికి 18 కోట్లు మించి రాదట, పైది క్రికెట్ బోర్డు ఆటగాళ్ళ సంక్షేమానికి పోతుందట. తమరికీ తరుగు తీయడం వచ్చిందని సంతోషించాము. మా రైతుకు తరుగు తీసినప్పుడు చీటీలో నికర తూకం రాసి ఇస్తాము. గ్రీన్ గారికి ఆ చీటీ ఎవరు రాస్తారో గానీ, సీజన్‌లో ఆయన తొలిసారి సున్నాకు అవుటయిన రోజున ఇక్కడ టీ అంగడి కాడ భాగహారం మాత్రం 25.20 మీదే జరుగుతుంది.

ఇట్లు,
చిత్తూరు మామిడి మండీ వాళ్ళం