రేడియేటర్ నీళ్ల నుంచి ఛార్జింగ్ తీగ దాకా

తమ్ముడు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ ఆరోగ్యం గురించి అడిగాక అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, బండి స్టార్ట్ చేస్తున్నావా?" నల్లగొండలో మా ఇంటి రేకుల షెడ్డు కింద ఉన్న 1996 నాటి మారుతి 800 గురించి ఆ ఆరా. వాడి ఇంటి ముందు ఇప్పుడు టయోటా రావ్4 ప్రైమ్ ఉంది. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఇంటి కరెంటు ప్లగ్గుతో నింపుకునే బ్యాటరీ కూడా ఉన్న కారు. 18.1 కిలోవాట్ అవర్ల బ్యాటరీని నింపితే పెట్రోలు చుక్క కాల్చకుండా 42 మైళ్లు, అంటే సుమారు 67 కిలోమీటర్లు నడుస్తుంది. ఆ పైన ఇంజిన్ అందుకుంటుంది. వాడి ఆఫీసు రాకపోకలకు బ్యాటరీ ఒక్కటే చాలు. అంత మంచి బండిలో తిరిగేవాడి మనసు ఇంకా ఏపీ 24 నంబరు పలక చుట్టూనే ఎందుకు తిరుగుతోంది?

నాన్న జ్ఞాపకం కదా అని చుట్టాలు అంటారు. అది నిజమే కానీ, అంతటితో నాకు సరిపోదు. నాన్న చేతి గడియారమూ మా ఇంట్లోనే ఉంది, దాన్ని గురించి వాడు ఎన్నడూ అడగలేదు.

నాన్న రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి, వేలు ముంచి నీళ్లు చూసేవారు. బోరు నీళ్లు మాత్రం పోయనిచ్చేవారు కాదు. మా ప్రాంతపు ఉప్పునీళ్లు పోస్తే గొట్టాల లోపల తెల్లగా గార కడుతుందని మిర్యాలగూడ రోడ్డులోని మెకానిక్ చెప్పాడు. వానాకాలంలో డాబా మీది నుంచి పట్టిన నీళ్లను పాత పంచెతో వడగట్టి, సీసాల్లో దాచి, ఏడాది పొడుగునా అవే పోసేవారు. ఆయన బడిపంతులు. మర్రిగూడ వైపు పనిచేసినప్పుడు ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర తిరిగిన పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. "పిల్లల ఎముకలనే వంచిన నీళ్లు, ఇనుమును ఊరికే వదులుతాయా?" అనేవారు. సీసా వంచుతూ ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

చలికాలమైతే ఇంకో తంతు. చల్లబడ్డ ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట, చోక్‌ను పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ అందుకోగానే చోక్‌ను సగం నెట్టి, చెవి ఒగ్గి వినాలి. చప్పుడు సాఫీ అయ్యాక మిగతా సగం. ఎప్పుడు నెట్టాలో చెప్పే దీపం ఏదీ డ్యాష్‌బోర్డులో లేదు. పద్నాలుగేళ్లకే తమ్ముడికి ఆ చెవి వచ్చింది. నాకు పాతికేళ్లు దాటినా సరిగా రాలేదు.

ఆ మమకారానికి మూలం ఈ సాకడంలో ఉందని నా అభిప్రాయం. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందుకున్న హర్పాల్ సింగ్, 2010లో కన్నుమూసే దాకా ఆ కారును వదులుకోలేదు. మధ్యలో ఎన్ని కొత్త కార్లు మార్కెట్లోకి వచ్చాయో లెక్కే లేదు.

అలాగని పాత బండినే రోజూ తిప్పాలని నేను అనను. కార్బ్యురేటర్‌తో నడిచే మా 800కు పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్ లేదు. దాని వెనుక స్కూటరు మీద వచ్చేవాళ్లు పీల్చే గాలికి నా ప్రేమ సమాధానం కాదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో కేంద్రం 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేసింది. భారమే అయినా నేను తప్పుపట్టను.

నా బాధ వేరే. పాత బండితో పాటు దాన్ని చూసుకునే అలవాటునూ తుక్కుకు వేస్తున్నాం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు కావలసింది సరిగ్గా ఆ అలవాటే. యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదిక విడుదల చేసింది. కార్లలోనే అమర్చిన ఇంధన కొలమానాల లెక్కలు తీసి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల అంకెల కంటే సగటున మూడున్నర రెట్లు ఉందని తేలింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో ఈ తేడా 20 శాతం దగ్గరే ఆగింది. అంత తేడాకు ముఖ్య కారణం, కొన్నవాళ్లు అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడం. తీగ తగిలించని ప్లగ్-ఇన్, బరువైన బ్యాటరీని మోసుకు తిరిగే పెట్రోలు కారే.

తమ్ముడు ఒక్క రాత్రి కూడా మానడు. మామూలు ఇంటి ప్లగ్గుతో నిండడానికి దాదాపు 12 గంటలు పడుతుంది కాబట్టి, వచ్చీ రాగానే బూట్లు విప్పకముందే తీగ తగిలిస్తాడట. వీడియో కాల్‌లో ఒకసారి చూపించాడు. మంచు కురుస్తోంది. మూత తెరిచి, లోపల తడి లేకుండా చేతిరుమాలుతో తుడిచి, తీగ పెట్టి, అది గట్టిగా కూర్చుందో లేదో ఒకసారి లాగి చూశాడు. రేడియేటర్ మూత బిగించాక నాన్న కూడా అలాగే ఒకసారి లాగి చూసేవారు.

మన రోడ్ల మీద ఇప్పుడు కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లకు ప్లగ్గే ఉండదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుంది. ప్లగ్-ఇన్‌లు ఇక్కడ ఖరీదైన విలాస కార్లలోనే దొరుకుతున్నాయి. రేపు అవి మధ్యతరగతికి అందితే, మైలేజీ అంకె కంటే ముందు అడగాల్సింది బండి నిలిపే చోట ప్లగ్గు ఉందా అని. నల్లగొండ పాత బస్తీలో సగం కార్లు వీధిలోనే నిద్రపోతాయి. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఈ సంగతి పట్టించుకోకపోతే, ఆ మూడున్నర రెట్ల కథే ఇక్కడా నడుస్తుంది.

పోయిన ఆదివారం పొద్దున వాడు ఫోన్‌లో ఉండగానే 800 స్టార్ట్ చేశాను. చోక్ లాగి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. వాడు అడగకుండానే ఫోన్‌ను బానెట్ దగ్గర పెట్టాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"చోక్ ఇంకాస్త లోపలికి నెట్టు అన్నా" అన్నాడు.