మహారాజశ్రీ వైర్‌లెస్ ఛార్జర్ గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్ క్షేమం సంగతి మాత్రం మీరే చెప్పాలి. రాత్రి దాన్ని మీ మీదే పడుకోబెట్టాం.

వైర్‌లెస్ అని పేరు పెట్టుకుని వెనకాల ఒక వైరుతో దిగారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఈ మాట అందరూ అనేదే, కాబట్టి దీన్ని పెద్దది చేయను.

అసలు గొడవ మీ పట్టింపుతోనే. మీ లోపల ఒక రాగి తీగచుట్ట, ఫోన్ వీపులో ఇంకొకటి. మీ చుట్టలో కరెంటు సెకనుకి లక్షసార్లకు పైగా అటూ ఇటూ ఊగుతుంది, దాంతో అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది, అది ఫోన్ చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే చూపించిన కిటుకే ఇది. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌లు ఇదే పనిని ఏళ్ల తరబడి బాత్‌రూములో సద్దు చేయకుండా చేసుకుపోతున్నాయి. మీకే ఇంత హడావుడి.

రెండు చుట్టలూ ఎదురెదురుగా రాకపోతే మీరు అలుగుతారు. తెల్లారుజామున గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు మొదలవుతాయి. ఫోన్ వైబ్రేషన్‌లో ఉంటుంది. దాని గాజు వీపు నున్నన, మీ పలక నున్నన. ఒక్కో గుర్రుకీ గోరంత జరిగి, జరిగి, లేచి చూసేసరికి ఫోన్ సగం మీ అంచు దాటి వేలాడుతూ ఉంటుంది. బ్యాటరీ 14 శాతం. మీ చిట్టి లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు మిణుకుమిణుకుమంటుంది.

మీ జాతి వాళ్లంతా ఇంతే. ఎక్కడ పెట్టినా ఛార్జ్ ఎక్కుతుందంటూ యాపిల్ 2017లో ఎయిర్‌పవర్ అనే పలకను ప్రకటించింది. 2019 మార్చిలో, అది అనుకున్న స్థాయికి రాలేదని చేతులెత్తేసింది. ఒక్క యూనిట్ కూడా అమ్మకానికి రాలేదు. చివరికి 2023లో క్యూఐ2 (వైర్‌లెస్ ఛార్జర్ల కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి నియమాలు) ప్రమాణం పేరుతో అయస్కాంతాలు బిగించి ఫోన్‌ని పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. అదొక్కటే మీ వాళ్లు చేసిన మంచి పని అని నా అభిప్రాయం.

పక్కకి జరిగితే ఛార్జ్ ఎక్కకపోవడమే కాదు, ఎక్కినంత సేపూ వేడి. బాగా కుదిరినప్పుడు కూడా చాలా ఛార్జర్లు తీసుకున్న కరెంటులో సుమారు ఐదో వంతో నాలుగో వంతో వేడి కింద తగలేస్తాయి. కుదరకపోతే ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీకి వేడి పడదు, త్వరగా ముసలిదైపోతుంది. అందుకే ఒళ్లు కాలితే ఫోనే ఛార్జింగ్ తగ్గించేసుకుంటుంది.

ఇంట్లో వాళ్ల టెన్షన్ మాత్రం వేరే. మా పెద్దమ్మకి మీ నుంచి కిరణాలొస్తాయని భయం. మీ మీద, ఫోన్ మీద కలిపి దుప్పటి కప్పేస్తుంది. ఆ తర్వాత ఇంకో ఫోన్ చెవికి ఆనించుకుని గంటసేపు మాట్లాడుతుంది. మీ క్షేత్రం ఫోన్ దాటి కాస్త దూరం పోగానే నీరసించిపోతుందనీ, కణాల్లోని డీఎన్‌ఏని విరగ్గొట్టే రకం కాదనీ చెప్పి చూశాను. వినలేదు. ఆ దుప్పటే అసలు ప్రమాదం అన్నాను, అదీ వినలేదు.

జాగ్రత్త నిజంగా అవసరమైన వాళ్లు గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు. ఫోన్‌నీ ఛార్జర్‌నీ పరికరానికి 15 సెంటీమీటర్లకు మించి, వైర్‌లెస్‌గా ఛార్జ్ అవుతుంటే 30కి మించి దూరంగా ఉంచమని యాపిల్ రాతపూర్వకంగానే చెబుతోంది. డాక్టర్‌ని కూడా ఒక మాట అడగాలి. మీ డబ్బా మీద ఈ సంగతి కనబడాలంటే భూతద్దం కావాలి. 'ఫాస్ట్' అన్న అక్షరాలు మాత్రం అరచేతంత.

మీలో మంచి లేదనను. ఫోన్ జవాబిస్తేనే కరెంటు ఇస్తారు, అది ఎంత అడిగితే అంతే ఇస్తారు. మధ్యలో నాణెమో తాళంచెవో చిక్కుకుంటే అది కాలిపోకముందే పసిగట్టి ఆగిపోతారు. కాకపోతే ఇది ప్రమాణం పాటించిన వాళ్ల మాట. మీ పేరు పెట్టుకుని తిరిగే చవక చుట్టాలు నాణేన్ని కూడా ఫోనే అనుకుంటారేమో, వాళ్లని ఇంటికి రానివ్వకండి.

ఇట్లు,
మీ పలక మధ్య ఎక్కడుందో వెతుక్కునే వాడు

తా.క.: ఈ ఉత్తరం ఫోన్‌లోనే టైప్ చేస్తున్నాను. మధ్యలో బ్యాటరీ 9 శాతానికి వచ్చింది. మీ మీద పడుకోబెట్టి టైప్ చేయడం కుదరదు కదా, మీ అన్నగారు కేబుల్‌ని పిలిపించాను.