పసుపు చారలున్నంత మాత్రాన కందిరీగ కాదు

పెరటి తోటలు పెంచేవారి మధ్య ఒక ఫోటో బాగా తిరుగుతోంది. పసుపు, నలుపు పట్టీలున్న చిన్న కీటకం పువ్వు ముందు గాలిలో కదలకుండా నిలిచి ఉంటుంది. కింద ఇలా రాసి ఉంటుంది: "ఇది కుట్టే చిన్న కందిరీగ. బొబ్బర్ల తీగపై పాకే దీని పురుగు ఆకులు తినేస్తుంది, వెంటనే మందు కొట్టండి. పేరు కావాలంటే ఒక్క ఫోటో యాప్‌లో పెడితే చాలు." ఇందులో ఏ మాటా నిలవదు. మందు కొట్టమన్న మాటైతే పంటకే చేటు.

అది సిర్ఫిడ్ ఈగ. దానికి కొండి లేదు, కుట్టలేదు. ఆ చారలు పక్షులను భయపెట్టడానికి వేసుకున్న వేషం. కందిరీగకు రెండు జతల రెక్కలుంటాయి, ఈగకు ఒకటే జత. కానీ కందిరీగ ముందు, వెనుక రెక్కలు కొక్కేలతో కలిసిపోయి ఫోటోలో ఒకే జతలా కనిపిస్తాయి. అందుకని మీసాలు చూడండి. కందిరీగవి పొడుగ్గా ఉంటాయి. మన తోటల్లో మామూలుగా తిరిగే సిర్ఫిడ్ ఈగలవి పొట్టిగా, ఒక్కో వెంట్రుకతో ఉంటాయి. భూతద్దం ఉంటే రెక్క మధ్యలో, మిగతా ఈనెలతో కలవకుండా ఆగిపోయే ఒక బూటకపు ఈనె కూడా కనిపిస్తుంది. సిర్ఫిడే కుటుంబంలో దాదాపు అన్నింటికీ అదే గుర్తు.

ఇక ఆకులు తినే పురుగు సంగతి. కాళ్లు, కళ్లు లేకుండా జలగలా జరిగే ఆ పిల్లపురుగు తినేది ఆకును కాదు, ఆకు రసం పీల్చే పేనుబంకను. ఒక్కొక్కటి ఎదిగేలోపు వందల పేనుబంక పురుగులను తింటుంది. తల్లి ఈగ వెతికి వెతికి పేనుబంక గుంపుల దగ్గరే గుడ్లు పెడుతుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగును కాపాడుకునే రైతు దీన్ని చంపడం చూస్తే బాధేస్తుంది.

ఒక్క ఫోటోతో పేరు వస్తుందన్నది అన్నిటికంటే సులువుగా నమ్మే మాట. ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ అనే సిర్ఫిడ్ ఈగ విషయంలో అది కొంతవరకు నిజమే. పొట్టపై మూడో, నాలుగో ఖండాల మీద వెడల్పు నల్లపట్టీతో పాటు మరో సన్న పట్టీ ఉంటుంది. కానీ రంగును నమ్మలేం: పురుగు ఈగగా మారే ప్యూపా దశ చలిలో గడిస్తే అదే జాతి నల్లబడి పుడుతుంది. మన చేలల్లో ఉండే ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ అనే మరో సిర్ఫిడ్ ఈగలో మగదాని వెనుక కాలి మొదట్లో ముల్లు లాంటి పొడుగాటి భాగం ఉంటుంది. పైనుంచి తీసిన ఫోటోలో అది కనబడదు. స్ఫెరోఫోరియా అనే సిర్ఫిడ్ ఈగల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) జాతి తేల్చాలంటే చాలాసార్లు మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే. ఆడ ఈగల విషయంలో నిపుణులు చాలావరకు ప్రజాతి పేరు దగ్గరే ఆగుతారు. అక్కడ యాప్ చూపే జాతి పేరు ఊహ మాత్రమే. కనీసం పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా తీసిన మూడు ఫోటోలు ఉంచండి. వాటితో తేలకపోతే "స్ఫెరోఫోరియా, ఆడ" అని రాసి వదిలేయండి.