మా వీధి డీజిల్ కారు సామికి విన్నపం

సామీ,

తిరుపతి కొర్లగుంటలో ఎదురింటి గేటు ముందు కొలువైన పాత డీజిల్ కారు గారికి ఇరుగుపొరుగు దండాలు.

రేణిగుంట స్టేషన్‌లో దిగే యాత్రికులను అందుకోవాలని మీ ఓనరు తెల్లవారుజామున నాలుగున్నరకే తాళం తిప్పుతాడు. బతుకుతెరువు, కాదనం. కానీ మీరు గొంతు విప్పగానే మా కిటికీ గూట్లోని స్టీలు గ్లాసు దానంతటదే జరుగుతూ అంచుకు వస్తుంది. మీ డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు తల ఊపుతూనే ఉంటాడు, అవునంటున్నాడో వద్దంటున్నాడో అర్థం కాదు.

ఈ మోతలో మీ వాటా ఎంత, మీ ఓనరు వాటా ఎంత అన్నది తేల్చుకుందామనే ఈ లేఖ.

పెట్రోలు కార్లకు స్పార్క్ ప్లగ్ ఉంది. అది నిప్పు అంటిస్తే మంట వరసగా పాకుతుంది. మీకు ఆ భాగ్యం లేదు. గాలిని 20 రెట్లకు పైగా నొక్కి, 500 డిగ్రీలు దాటించి, ఆ సెగలోకి డీజిల్ చిమ్ముతారు. పడీ పడగానే అంటుకుంటే గొడవే లేదు. రెప్పపాటు కూడా పట్టని ఆలస్యం ఒకటి ఉంటుంది. ఆ కాస్తలో పోగైన డీజిలంతా ఒక్కసారిగా భగ్గుమని పిస్టన్ నెత్తిన పడుతుంది. మీ టకటక అదే. ఇంజిన్ చల్లగా ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది, మోతా పెరుగుతుంది. ధనుర్మాసంలో కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. మీరు మాత్రం పాట మార్చరు, గొంతు పెంచుతారు.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ 1897లో పరీక్షలో నెగ్గింది. సరిగ్గా నూరేళ్లకు, 1997లో, కామన్ రైల్ అనే కొత్త పద్ధతిలో డీజిల్ చిమ్మే కార్లు బజారుకెక్కాయి. వాటిలో కంప్యూటరు ముందు చిటికెడు డీజిల్ చిమ్మి, అది అంటుకున్నాకే అసలు మోతాదు వదులుతుంది. మీ పాతకాలం పంపుకు ఆ ఓపిక లేదు, ఉన్నదంతా ఒకే విడతలో కుమ్మరిస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. అంతవరకు మాఫీ.

మిగతాదే మా బాధ. మీ ఓనరు "సౌండ్ ఉంది గానీ కంప్లయింట్ లేదు సార్" అంటాడు. కాణిపాకంలో ప్రమాణం చేయమనండి చూద్దాం! మొన్న మెకానిక్ వచ్చి, ఇంజిన్ ఆన్‌లోనే పెట్టి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు, దేనికి డీజిల్ ఆగితే మోత ఆగుతుందో చూద్దామని. మూడోది వదిలేసరికి పెద్ద టకటక ఠక్కున ఆగింది. "నాజిల్ కారతా ఉందన్నా" అన్నాడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. నాజిల్ అంటే ఇంజెక్టర్ మూతి. మంచులా తుంపర పడాల్సిన చోట ధార పడుతోందట. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల రబ్బర్లు కూడా ఎండి పగిలాయి, అదురంతా బాడీకెక్కుతోంది. ఓనరు తీర్పు: "నట్టు బిగించెయ్, సీజన్ అయ్యాక చూద్దాం."

తిరుపతిలో సీజన్ ఎప్పుడు అవుతుంది సామీ?

అందుకే నాజిళ్లకు, రబ్బర్లకు వీధిలో చందా ఎత్తుతున్నాం. రిటైర్డ్ మాస్టారు మొదటి సంతకం పెట్టి డబ్బులూ ఇచ్చారు. మీ ఓనరు మాత్రం సౌండ్ తగ్గితే పికప్ పోతుందని అడ్డం పడుతున్నాడు. మీరే ఓ మాట చెప్పండి, మీ మాటైతే ఊరంతా వినపడుతుంది.

ఇట్లు,
ఎదురింటివాడు