హాలు కట్టించేవాళ్ళు ఉన్నారు, సాయంత్రం తాళం తీసే మనిషికి జీతం ఇచ్చేవాళ్ళే లేరు

గోదావరి జిల్లాల్లో ఇచ్చే చెయ్యికి కొదవ లేదండి. ఏ ఊరెళ్ళినా చూడండి, పొలిమేరలో ముఖద్వారం ఎవరో ఒకరి తల్లిదండ్రుల జ్ఞాపకార్థం, బస్ షెల్టర్ ఇంకొకరిది, కళ్యాణమండపం అమెరికాలో ఉన్న అబ్బాయిది, బళ్ళో బెంచీలు పూర్వ విద్యార్థులవి, ఆర్వో ప్లాంట్ ఫలానా ట్రస్ట్‌ది, ఆఖరికి శ్మశానం ప్రహరీ కూడా చందాల మీదే లేచింది. అన్నిటికీ శిలాఫలకం ఉంటుంది, ఓపెనింగ్ నాటి ఫోటోలు ఉంటాయి. కానీ "ఈ ఊరి పిల్లలకి సాయంత్రం ఆటలు నేర్పే మాస్టారి జీతం ఫలానా వారిది" అని రాసిన పలక మాత్రం నాకు ఇంతవరకు ఒక్క ఊళ్ళోనూ కనపడలేదు. నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. పిల్లలు బాగుపడాలన్నా, పెద్దోళ్ళకి బీపీ షుగరు అదుపులో ఉండాలన్నా కావాల్సింది బిల్డింగ్ కాదు, రోజూ ఒకే టైముకి వచ్చే మనిషి. మన సేవాసంఘాలు డబ్బు పెట్టనిది సరిగ్గా ఆ మనిషి మీదే.

రోడ్డు పక్కన యూత్ భవనాలు చూస్తూనే ఉంటాం కదా. కట్టినప్పుడు లోపల రెండు ట్రెడ్‌మిల్లులు, డంబెల్స్, క్యారమ్స్ బోర్డు, ఒక బీరువా నిండా పుస్తకాలు పెడతారు. ఏడాది తిరిగేసరికి తాళం కప్ప తుప్పు పట్టి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ప్రెసిడెంట్ గారి దగ్గరంటారు, ఆయనేమో హైదరాబాద్‌లో ఉంటారు. కిటికీలోంచి చూస్తే ట్రెడ్‌మిల్లు మీద పెళ్ళిళ్ళ షామియానా గుడ్డలు, పక్కన ఎరువు బస్తాలు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, దాత నిజంగానే ఊరి మీద ప్రేమతో ఇచ్చాడు. నడిపే ఖర్చు ఎవరిది అని మొదటి రోజు ఎవరూ అడగలేదు, అంతే.

దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. మన పల్లెల్లో కాలవ గట్టు మీద, రైస్‌మిల్లు వెనకాల, రెండు కొబ్బరిచెట్లకి నెట్ కట్టి ఆడే వాలీబాల్ ఉంది చూశారా, దాన్ని 1895లో అమెరికాలో హోల్యోక్ అనే ఊళ్ళో విలియం మోర్గన్ అనే వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) ఫిజికల్ డైరెక్టర్ తయారుచేశాడు. అంతకి నాలుగేళ్ళ ముందు 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. అయితే అందులో పరుగు ఎక్కువ, ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం ఎక్కువ, ఆఫీసులు వ్యాపారాలు చేసుకుని సాయంత్రం వచ్చే నడివయసు వాళ్ళు ఆ ఆట తట్టుకోలేకపోతున్నారని మోర్గన్ మధ్యలో నెట్ పెట్టి ఈ ఆట తెచ్చాడు. అసలు వైఎంసీఏ మొదలైందే 1844లో లండన్‌లో, బట్టల కొట్లో పనిచేసే జార్జ్ విలియమ్స్ అనే కుర్రాడు, పల్లెల నుంచి పట్నం వచ్చి దిక్కుతోచకుండా తిరుగుతున్న తనలాంటి కుర్రాళ్ళ కోసం పెట్టిన సంఘం అది. నాకు ఇందులో ముఖ్యంగా కనపడేది ఏమిటంటే, మోర్గన్ ఆ సంఘంలో ఉద్యోగి. రోజూ వచ్చేవాళ్ళని చూడటమే ఆయన పని కాబట్టి ఎవరు అలిసిపోతున్నారో, ఎవరు రావడం మానేశారో ఆయనకి తెలిసింది. ఏడాదికోసారి మెడల్స్ పంచే ముఖ్య అతిథికి అది తెలిసే అవకాశం లేదు.

అదే వైఎంసీఏ తరఫున 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ పెట్టారు, అప్పట్లో మన జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆటలు నేర్పడం అనేది చదువుకుని చేసే ఒక ఉద్యోగం అని మన వైపు నిలబడింది అలాంటి కాలేజీల వల్లే. దాని విలువ తెలియాలంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, అమలాపురం చాలు. అక్కడి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టాడు, డబుల్స్‌లో వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు, వాళ్ళ నాన్నగారు పీఈటీ, అంటే బళ్ళో ఆటల మాస్టారు. ఆ కుర్రాడికి ఇంట్లోనే మాస్టారు దొరికారు. ఇంట్లో మాస్టారు లేని పిల్లల సంగతి ఎవరు చూడాలి?

ఇక ఆరోగ్యం సంగతికొస్తే మన డెల్టాలోనే జరిగిన ఒక పెద్ద పని గురించి మనవాళ్ళకే తెలియదు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది, ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్ళల్లో మంచినీళ్ళు, వైద్యం, చదువు చూసేవాళ్ళు. ఆ ఫౌండేషన్, ఆస్ట్రేలియా వాళ్ళ ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఇంకొందరు కలిసి 2003-04లో 45 ఊళ్ళల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకీ కారణం రాసుకున్నారు. ఊళ్ళో తిరిగే హెల్త్ వర్కర్లు చనిపోయినవాళ్ళ ఇంటికెళ్ళి ఏమైంది, ఛాతీలో నొప్పొచ్చిందా, చెయ్యి పడిపోయిందా, ఎన్నాళ్ళు మంచాన పడ్డారు అని ఓపిగ్గా అడిగి రాసుకొస్తే డాక్టర్లు చూసి కారణం తేల్చారు. మొత్తం 1354 చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి, అంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి. అంటురోగాలు 12 శాతమే. 2006లో ఇది అంతర్జాతీయ జర్నల్లో వచ్చింది. పల్లెటూరు, వరి పొలాలు, కొబ్బరితోటలు, ఇక్కడి జనం గట్టిగా ఉంటారు అనుకునేవాళ్ళందరికీ అది సమాధానం. ఆ లెక్క దొరికింది గడప గడపకీ వెళ్ళే మనిషి ఉండబట్టే.

తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడింది, డబ్బు ముఖ్యంగా ఒక కుటుంబం చుట్టూనే తిరుగుతుండటంతో ఆ దెబ్బ ఇక్కడి పల్లెల్లో పనులకి తగిలింది. అయితే అదే కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్స్ మాత్రం ఆగలేదు. ఎందుకంటే నడిపే ఖర్చులో చాలా భాగం అప్పటికే ప్రభుత్వం ఒప్పందం ప్రకారం ఇస్తోంది, మేనేజ్‌మెంట్ చేతులు మారి జీవీకే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది, బండి మాత్రం వస్తూనే ఉంది. దాత ఒకరే, దెబ్బ ఒకటే, కానీ నెలనెలా ఖర్చుకి ఇంకో ఆధారం ఉన్నది బతికింది, లేనిది నీరసపడింది. నా దృష్టిలో మన ట్రస్టులు, సొసైటీలు అన్నీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన పాఠం ఇది, ఇన్నేళ్ళయినా ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు కుర్రోళ్ళ దగ్గరికొద్దాం. వీళ్ళకి ఓపిక లేదు, ఫోనుల్లో పడి పాడైపోతున్నారు అని అరుగుల మీద అంటుంటారు, నేను ఒప్పుకోను. 2022 జూలైలో గోదావరి వరదొచ్చి లంకలు మునిగినప్పుడు పడవల మీద పాలు, మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు మోసింది ఈ కుర్రోళ్ళే. 1998లో చిరంజీవి గారు బ్లడ్ బ్యాంక్ పెట్టిన దగ్గర్నుంచి మొగల్తూరు వైపనే కాదు ప్రతి మండలంలో ఫ్యాన్స్ అసోసియేషన్ కుర్రోళ్ళు రక్తం ఇస్తూనే ఉన్నారు, మిగతా హీరోల ఫ్యాన్స్ కూడా అందుకున్నారు. ఫోన్ చేస్తే అర్ధరాత్రి బండేసుకుని రాజమండ్రి వెళ్ళి రక్తం ఇచ్చొచ్చే కుర్రోడికి ఓపిక లేదంటే ఎలా. వీళ్ళ సేవకి పండగ రోజు, వరద రోజు, పుట్టినరోజు ఉన్నాయి, మామూలు మంగళవారం సాయంత్రం ఐదింటికి మాత్రం చెయ్యడానికేం లేదు. ఆ ఖాళీలోకే బెట్టింగ్ యాప్‌లు వస్తున్నాయి, మందు వస్తోంది.

కోనసీమలో ఇంకో సంగతి ఉంది. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే అమ్మలు మన దగ్గర నుంచి ఎంతమందో. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు, డబ్బులు నెలనెలా వస్తాయి, వీడియో కాల్ రోజూ వస్తుంది. కానీ బడి నుంచి వచ్చాక చీకటిపడేదాకా వాడెక్కడున్నాడో చూసే ఓపిక డెబ్భయ్యేళ్ళ ముసలావిడకి ఉండదు. ఆ రెండు మూడు గంటలు పేరుపెట్టి పిలిచే ఒక పెద్దమనిషి ఆట దగ్గరుంటే, వారంరోజులు రాకపోతే ఇంటికొచ్చి ఏమైందని అడిగేవాడుంటే, ఆ పిల్లాడి సంగతి వేరేగా ఉంటుంది.

ఇంకా కష్టమైన మాట ఒకటి చెప్పాలి. మన యూత్ సంఘాలు చాలావరకు కులానికొకటి, పేటకొకటి. గ్రౌండ్ ఒకటే ఉన్నా ఆడేది ఒక వీధి వాళ్ళే, దళితపేట కుర్రోళ్ళు టోర్నమెంట్ రోజు ఎదుటి టీముగా వస్తారు గానీ రోజూ ఒకే జట్టులో ఆడరు. 2022 మేలో జిల్లా పేరు మార్చే గొడవలో అమలాపురం తగలబడినప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళల్లో ఎంతమంది కుర్రోళ్ళున్నారో అప్పుడు చూశాం. ఒక వాలీబాల్ కోర్టు అన్నిటినీ ఆపేస్తుందని నేను అనను. కానీ చిన్నప్పట్నుంచి పక్కపక్కన నిలబడి పాస్ ఇచ్చుకున్నవాళ్ళ మధ్య గొడవ వచ్చినప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకునే దారన్నా ఉంటుంది. "అందరికీ" అని బోర్డు మీద రాసుకున్న సంఘం పేట నుంచి ఎంతమంది వస్తున్నారో, ఆడపిల్లలు ఎంతమందో నెలనెలా లెక్క చూసుకోవాలి, లేకపోతే ఆ మాట బోర్డు మీదే ఉండిపోతుంది.

ఆడోళ్ళ ఆరోగ్యం మరీ ఘోరంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత, అదే వయసు వాళ్ళల్లో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికంటే బరువెక్కువ. ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి. రొయ్యల ప్లాంటులో రోజంతా నిలబడి తలలు తీసే అమ్మాయికి ఐరన్ మాత్ర కావాలి, ఆవిడ అత్తగారికి బీపీ చూసేవాళ్ళు కావాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, పైగా యాప్‌లలో ఎంట్రీలతో సగం రోజు పోతుంది. ఒక సంఘం చెయ్యగలిగింది చాలా చిన్న పని. సాయంత్రం ఆ గ్రౌండ్ దగ్గరే ఒక కుర్చీ, బీపీ మిషను, ఒక నోట్‌బుక్కు, ఆడవాళ్ళు నడవడానికి లైటు ఉన్న దారి. నోట్‌బుక్కులో పోయిన నెల ఎంతుందో రాసి ఉంటే చాలు, మాత్రలు మానేసినావిడని పట్టుకోవచ్చు. వార్షికోత్సవం నాడు పెట్టే మెగా మెడికల్ క్యాంపులో చూసిన బీపీ చీటీ రెండో రోజుకే ఇంట్లో కనపడదు.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాలి కదా అంటారు. చెయ్యాలి, అడగాలి కూడా. 1960 చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు మనం కడుతూనే ఉన్నాం, కాబట్టి ఊళ్ళో లైబ్రరీ మూసి ఉంటే అడిగే హక్కు మనది. కానీ పోస్టు భర్తీ అయ్యేదాకా ఆగితే ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పిల్ల డిగ్రీ అయిపోతుంది. ఇంకోటి, ప్రభుత్వం మనిషిని పంపినా ఊళ్ళో అతన్ని నిలబెట్టేది సంఘమే.

డబ్బు లెక్క పెద్దదేం కాదు. ఐదొందల గడప ఉన్న ఊళ్ళో గడపకి నెలకి 30 రూపాయలు అంటే 15,000. రిటైరైన పీఈటీకో, జిల్లాకి ఆడిన కుర్రాడికో, అమ్మాయికో సాయంత్రం మూడు గంటలకి 12,000, మిగతాది బంతులకి, నెట్‌కి, కరెంటుకి. ఇవ్వలేనివాళ్ళని వదిలెయ్యండి, బయటున్న ఊరివాళ్ళు ఆ లోటు పూడ్చగలరు, ఒక ముఖద్వారానికి అయ్యే డబ్బు బ్యాంకులో వేస్తే ఏళ్ళ తరబడి జీతం వస్తుంది. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. విదేశాల డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు బ్యాంకు ద్వారా తమ సొంత డబ్బు పంపితే ఇబ్బంది లేదు, అమెరికా సిటిజన్ అయిపోయినవాళ్ళు ఇచ్చేది మాత్రం విదేశీ నిధి కింద లెక్క, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఇది తెలియక మంచి సంఘాలు కూడా చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది. గడప చందా మాత్రం తప్పకుండా ఉండాలంటాను, మొత్తం ఒకాయనే ఇస్తే మాస్టారు ఆయన మనిషైపోతాడు, 30 రూపాయలు ఇచ్చిన ప్రతి ఇల్లాలూ "మా పిల్లని ఎందుకు ఆడించట్లేదు" అని అడగగలదు.

ఎక్కడ మొదలెట్టాలి అంటే నేనైతే ఈతతో అంటాను. చుట్టూ నీళ్ళున్న ప్రాంతంలో పిల్లలు నీళ్ళల్లో పోతున్నారు. 2025 మే నెలాఖర్లో ముమ్మిడివరం దగ్గర కమినిలంక వద్ద గోదావరిలో దిగిన ఎనిమిది మంది కుర్రోళ్ళు ఒక్కసారే పోయారు. వెనకటికి మోకులు కట్టి, రెండు ఎండు కొబ్బరికాయలు నడుముకి కట్టి తాతలో మావయ్యలో కాలవలో నేర్పేవాళ్ళు, ఇప్పుడా మావయ్య హైదరాబాద్‌లో ఉన్నాడు. పైగా ఎండాకాలం మరమ్మతులకని నీళ్ళు ఆపి కాలవలు కట్టేస్తారు, సెలవుల్లో పిల్లలకి లోతు తెలిసిన కాలవ ఉండదు, ఇసక తవ్విన గోతులున్న పెద్ద గోదారే ఉంటుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బళ్ళు మొదలవుతాయి, కాలవలు కట్టేది సాధారణంగా ఏప్రిల్ మధ్య దాటాక. ఆ నాలుగు వారాలు సాయంత్రం పూట, ఛాతీలోతు మించని రేవు చూసుకుని, అడ్డంగా మోకు కట్టి, ట్యూబులు పెట్టి, బడి నుంచి పేర్లు రాయించుకుని నేర్పొచ్చు. నేర్పడానికి చేపలు పట్టేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు ఊరూరా ఉన్నారు, వాళ్ళకి రోజు కూలి ఇవ్వండి, ఊరికే రమ్మనకండి. ఆడపిల్లలకి వేరే టైము, ఈతొచ్చిన ఆడమనిషి కావాలి, చేపలు పట్టేవాళ్ళుండే పల్లెపాలెంలో అడిగితే దొరుకుతారు, ముందు జనవరిలోనే వెళ్ళి మాట్లాడుకోవాలి.